డిజైన్ అమ్ముడైంది, డబ్బే తక్కువొచ్చింది: అమెరికా సైట్ల పన్ను కాగితాల తిప్పలు

ఇండియాలో ఉంటూ అమెరికా సైట్లలో టీషర్టులకీ, మగ్గులకీ, ఫోన్ కవర్లకీ డిజైన్లు పెట్టి అమ్ముకునేవాళ్ళ కోసం రాస్తున్నాను. అచ్చువేసేదీ, ప్యాక్ చేసి పంపేదీ సైటే, మన చేతికి వచ్చేది రాయల్టీ, అంటే మన డిజైన్ వాడుకున్నందుకు ఇచ్చే వాటా. సొంతంగా బొమ్మ వేసి, చుట్టి, కొరియర్లో పంపేవాళ్ళ లెక్క వేరు, దాని గురించి చివర్లో చెప్తాను.

ఈ కాగితాల్లో తప్పు దొర్లిందని అమెరికా పన్ను శాఖ, అదే ఐఆర్ఎస్, వచ్చి మీద పడదు, ఆ టెన్షన్ వద్దు. జరిగేదల్లా ఏంటంటే, సైట్ మీ డబ్బులోంచి 15 శాతం కోయాల్సిన చోట 30 శాతం కోస్తుంది. ఆ ఎక్కువ కోసిన 15 శాతాన్ని ఇక్కడ మన రిటర్న్‌లో చూపించి తగ్గించుకుందామన్నా మన చట్టం ఒప్పుకోదు. కాబట్టి మొదటి చెల్లింపు రాకముందే ఫారం సరిచూసుకోండి, ఆ తర్వాత చేసే ఏ పనైనా దీనికంటే కష్టమే.

స్టేట్‌మెంట్‌లో 30 శాతం కోత కనిపిస్తోంది

నాకు జరిగింది కూడా ఇదే. సైట్‌లో పన్ను ఇంటర్వ్యూ అని ఒకటి వస్తుంది, వరుసగా ప్రశ్నలు అడుగుతుంది, నేనేమో అర్ధరాత్రి దాకా డిజైన్లు ఎక్కించి, నిద్రమత్తులో అన్నిటికీ 'తర్వాత' నొక్కుకుంటూ పోయాను. మూడు నెలలు గడిచాక గానీ కోత సంగతి గమనించలేదు.

కారణం ఇది. అమెరికా బయట ఉన్న వ్యక్తికి అమెరికాలో పుట్టిన రాయల్టీ చెల్లిస్తే, ఏ కాగితం లేకపోతే మామూలుగా 30 శాతం పట్టుకోవాలని వాళ్ళ చట్టం. ఇండియాకీ అమెరికాకీ మధ్య ఒకే ఆదాయం మీద రెండు చోట్లా పన్ను పడకుండా ఒప్పందం ఉంది, 1989లో సంతకాలయ్యాయి. అందులో 12వ ఆర్టికల్ ప్రకారం కళాకృతుల కాపీరైట్ మీద వచ్చే రాయల్టీకి 15 శాతం మించకూడదు. కానీ ఆ తగ్గింపు దానంతట అది రాదు, డబ్ల్యూ-8బెన్ అనే ఫారంలో మనమే అడగాలి.

ఆ ఫారంలో చూడాల్సినవి మూడు చోట్లు. 6ఎ గడిలో మీ పాన్ నంబర్ ఉండాలి. దాని పక్కనే 6బి అని ఒక చిన్న టిక్ బాక్స్ ఉంటుంది, మా దేశంలో పన్ను నంబర్ అక్కర్లేదు అని దానర్థం, చాలామంది తెలియక అది కూడా కొట్టేస్తారు. కొట్టకండి, నంబర్ లేకుండా ఒప్పందం రేటు రాదు. 9వ గడిలో ఇండియా రాయాలి. చాలామంది అక్కడితో అయిపోయిందనుకుంటారు, అసలు చిక్కు 10వ గడిలో ఉంది. మన ఒప్పందంలో రాయల్టీలన్నిటికీ ఒకటే రేటు కాదు, యంత్రపరికరాల వాడకానికి ఇచ్చే రాయల్టీకి 10, కాపీరైట్‌కి 15. ఇలా రెండు రేట్లున్న దేశాల వాళ్ళు ఏ ఆర్టికల్, ఎంత శాతం, ఏ రకం ఆదాయం అని 10వ గడిలో విడిగా రాయాలి. ఇంటర్వ్యూ రూపంలో అడిగే సైట్లలో ఇది డ్రాప్‌డౌన్ మెనూగా వస్తుంది, అందులో కాపీరైట్ రాయల్టీ ఎంచుకుని 15 శాతం అని వచ్చిందో లేదో చూడండి. 10 శాతం కనబడింది కదా అని ఆశపడి అది నొక్కకండి, కింద సంతకం పెట్టేది అబద్ధమైతే శిక్షకు ఒప్పుకుంటానని.

ఇంకో సంగతి, తగ్గింపు కావాలంటే అమెరికా పన్ను నంబర్, అదే ఐటిన్, ఉండాల్సిందేనని పాత సలహాలు ఇంకా తిరుగుతున్నాయి. ఇప్పుడు ఫారం మీద మన పాన్ ఉంటే చాలు.

కొన్ని అమ్మకాల మీద కోత ఉంది, కొన్నిటి మీద లేదు

ఇది తప్పు కాదు, వదిలేయండి. కాపీరైట్ రాయల్టీ ఎక్కడ వాడుకున్నారో అక్కడ పుట్టినట్టు లెక్క. అమెరికాలో కొన్న మగ్గు మీద వచ్చిన రాయల్టీకే వాళ్ళ పన్ను, జర్మనీలో ఎవరో కొన్నదానికి లేదు. వెయ్యి డాలర్ల రాయల్టీలో అమెరికా కొనుగోళ్ళ వాటా 700 అయితే, 15 శాతం చొప్పున 105 డాలర్లు పోతాయి, 150 కాదు. అంటే 30 శాతం పడిందో లేదో కనుక్కోవాలంటే మొత్తం మీద కాదు, అమెరికా వాటా మీద భాగించి చూడాలి. 1000లో 210 పోయిందంటే 21 శాతమేగా అనుకుని ఊరుకుంటారు, నిజానికి అది 700 మీద 30 శాతం.

'పేరు సరిపోలలేదు' అని ఫారం వెనక్కి వస్తోంది

ఇది అచ్చంగా మన తెలుగువాళ్ళ సమస్య. మన ఇంటిపేరు ముందొస్తుంది, సగం మందికి అది ఇనిషియల్‌గానే ఉంటుంది, టెన్త్ సర్టిఫికెట్లో ఒకలా, ఆధార్‌లో ఒకలా, బ్యాంకులో ఇంకోలా. సైట్ మాత్రం ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గడులిచ్చి కూర్చుంటుంది.

పన్ను పత్రానికి ఆధారం పాన్ కాబట్టి పాన్ మీద ఎలా ఉంటే అలాగే రాయండి. ఏది ఇంటిపేరుగా నమోదైందో తెలియకపోతే పాన్ నంబర్లోనే గుర్తుంది, అయిదో అక్షరం చూడండి, మన పన్ను శాఖ మీ లాస్ట్ నేమ్ అనుకుంటున్న మాటలోని మొదటి అక్షరం అది. (నాలుగోది వ్యక్తులకైతే పి ఉంటుంది. అక్కడ వేరే అక్షరం ఉంటే మీరు వాడుతున్నది కంపెనీదో, మరో సంస్థదో అయ్యుండాలి.) చాలామందికి అయిదో అక్షరం చూశాక తెలుస్తుంది, ఇన్నాళ్ళూ వాళ్ళ పేరే ఇంటిపేరుగా చలామణీ అవుతోందని. మార్పించుకోవాలంటే ముందు పాన్‌లో, ఆ తర్వాత బ్యాంకులో, చివర్లో సైట్‌లో, ఈ వరుసలోనే చెయ్యండి. తిరగేసి చేస్తే ప్రతిసారీ ఎక్కడో ఒకచోట ఆగుతుంది.

స్టూడియో పేరుతో అమ్ముతున్నా, అది రిజిస్టరైన కంపెనీయో ఎల్ఎల్‌పీయో కానంతవరకు ఫారంలో రాయాల్సింది మీ పేరే. కంపెనీ, ఎల్ఎల్‌పీ అయితే ఫారమే వేరు, డబ్ల్యూ-8బెన్-ఈ, దాన్ని నింపడానికి మాత్రం సీఏ దగ్గర కూర్చోండి.

చిరునామా దగ్గర ఆగిపోతోంది

ఆధార్‌లో ఉన్న చిరునామాని ఉన్నదున్నట్టు కాపీ చేసి ఉంటారు, అందులో ముందు కేరాఫ్ ఉంటుంది. డబ్ల్యూ-8బెన్‌లో శాశ్వత చిరునామాగా కేరాఫ్ చిరునామా పనికిరాదు, పోస్ట్ బాక్స్ కూడా అంతే. నాన్నగారి పేరూ కేరాఫూ తీసేసి ఇంటి నంబర్ నుంచి మొదలుపెట్టండి. అన్నయ్య అమెరికాలో ఉన్నాడు కదా అని ఆయన ఇంటి అడ్రసో ఫోన్ నంబరో ఇచ్చారనుకోండి, మీరు అమెరికా మనిషేమోనని అనుమానం వచ్చి అదనపు కాగితాలు అడుగుతారు. పుట్టినరోజు దగ్గర కూడా జాగ్రత్త, ముందు నెల, తర్వాత తేదీ. 7-3 అని రాస్తే మార్చి 7 కాదు, జులై 3.

రెండు మూడేళ్ళు బాగానే వచ్చాయి, జనవరి నుంచి చెల్లింపులు ఆగాయి లేదా కోత 30కి పెరిగింది

ఫారం గడువు అయిపోయింది, అంతే. సంతకం పెట్టిన ఏడాది తర్వాత మూడో సంవత్సరం డిసెంబర్ 31తో అది చెల్లిపోతుంది. 2023 మేలో పెట్టినా, నవంబర్‌లో పెట్టినా 2026 డిసెంబర్ 31 వరకే. కొత్తది నింపితే సరి. సైట్ వాళ్ళు మెయిల్ పంపే ఉంటారు, ప్రమోషన్ల ఫోల్డర్లో పడుంటుంది. ఫోన్ క్యాలెండర్లో చివరి ఏడాది అక్టోబర్‌కి ఒక రిమైండర్ పెట్టుకోండి.

24 శాతం అని కనబడుతోంది

ఇది 30 కంటే తక్కువే కదా అని సంతోషపడొద్దు, సైట్ మిమ్మల్ని అమెరికా పన్నుదారుడిగా అనుకుంటోంది, నంబర్ సరిగ్గా లేదని మొత్తం మీదా కోస్తోంది. ఇంటర్వ్యూ మొదట్లో 'మీరు అమెరికా వ్యక్తేనా' అన్న ప్రశ్నకి అవును అని నొక్కి ఉంటారు, దాంతో అమెరికా వాళ్ళు నింపే డబ్ల్యూ-9 ఫారం తెరుచుకుంటుంది. ఇండియాలోనే ఉండి గ్రీన్ కార్డూ పౌరసత్వమూ లేనివాళ్ళు వెనక్కి వెళ్ళి కాదు అని మార్చి డబ్ల్యూ-8బెన్ నింపాలి.

ఇక్కడ మెలిక ఉన్నది వచ్చిపోయేవాళ్ళకి. హెచ్-1బి మీద అక్కడ ఉండి రోజుల లెక్కలో రెసిడెంట్ అయినవాళ్ళు డబ్ల్యూ-9 ఇవ్వాలి, ఉద్యోగం వదిలి తిరిగొచ్చేశాక పరిస్థితి మారింది కాబట్టి సైట్‌కి చెప్పి ఫారం మార్చాలి. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళు మాత్రం ఇండియాలో ఉన్నా డబ్ల్యూ-9 కిందికే వస్తారు. డబ్ల్యూ-8బెన్ ఇచ్చాక ఏదైనా మారి అందులో రాసింది తప్పయిపోతే చెప్పడానికి 30 రోజుల గడువు.

ఇప్పటికే 30 శాతం కోసేశారు, వెనక్కి వస్తుందా

ముందు ఫారం సరిచేసి, అదే రోజు సైట్ సపోర్ట్‌కి రాయండి, ఫలానా తేదీ నుంచి ఎక్కువ కోశారు, సర్దుబాటు చెయ్యండి అని. ఆ క్యాలెండర్ సంవత్సరం లెక్కలు మూసేలోపు అయితే వాళ్ళే తిరిగిచ్చే పద్ధతి ఉంది, ఇవ్వాల్సిందేనన్న నిర్బంధం మాత్రం లేదు. నాకు ఒక సైట్ ఇచ్చింది, ఇంకోటి మా పాలసీ కాదంది.

అప్పుడు మిగిలేది ఐఆర్ఎస్‌కి 1040-ఎన్ఆర్ రిటర్న్ వేసి రీఫండ్ అడగడం. దానికి ఐటిన్ కావాలి, ఐటిన్‌కి డబ్ల్యూ-7 దరఖాస్తు, పాస్‌పోర్ట్ ధ్రువీకరణ, నెలల తరబడి ఎదురుచూపు. యాభై వంద డాలర్ల కోసం ఈ తంతు నా దృష్టిలో దండగ, వెయ్యి దాటితే ఆలోచించండి. ఆ యాభై ఇక్కడ సర్దుకుందాం అనుకుంటే, ఒప్పందం రేటుకి మించి కట్టిన విదేశీ పన్నుని లెక్కలోకి తీసుకోవద్దని మన ఆదాయపు పన్ను రూల్స్‌లో 128వ రూలు తేల్చి చెప్పింది. పోయింది పోయినట్టే.

1042-ఎస్ వచ్చింది, అందులో అంకెలు మన లెక్కతో కలవట్లేదు

మీ రాయల్టీ ఎంత, ఎంత పన్ను పట్టుకున్నాం అని సైట్ ఇచ్చే కాగితం 1042-ఎస్, ఏటా మార్చి 15 లోపు రావాలి. రెండో గడిలో మొత్తం ఆదాయం, 3బిలో రేటు, 7ఎలో పట్టుకున్న పన్ను ఉంటాయి. మెయిల్లో రాకపోతే సైట్‌లో పన్ను పత్రాల పేజీలో వెతకండి. 1099 అన్న పేరుతో ఏదైనా వచ్చిందంటే మీరింకా వాళ్ళ లెక్కలో అమెరికా మనిషేనని అర్థం, పై 24 శాతం సంగతి మళ్ళీ చదవండి.

అంకెలు కలవకపోవడానికి అసలు కారణం ఏడాది. వాళ్ళది జనవరి నుంచి డిసెంబర్, మనది ఏప్రిల్ నుంచి మార్చి. పైగా అందులో అమెరికా వాటా మాత్రమే ఉంటుంది. ఒక్క కాగితంతో కలపాలని చూస్తే కలవదు, నెలనెలా వచ్చిన డాలర్లు, కోసిన డాలర్లు, రూపాయల్లో ఎంత అని ఒక షీట్ రాసుకోవాలి. అక్కడ కోసిన పన్నుని రూపాయల్లోకి మార్చేటప్పుడు బ్యాంకులో పడిన రేటు కాదు, స్టేట్ బ్యాంక్ టీటీ కొనుగోలు రేటు (బ్యాంకు విదేశీ సొమ్ము కొనే రేటు), అదీ పన్ను కోసిన నెలకి ముందు నెల చివరి రోజుది వాడాలి.

అక్కడ కట్టిన పన్ను మన రిటర్న్‌లో తగ్గలేదు

విదేశంలో కట్టిన పన్నుకి తగ్గింపు అడిగే ఫారం 67 వేసి ఉండరు. రిటర్న్‌లో విదేశీ ఆదాయం చూపే ఎఫ్ఎస్ఐ, అక్కడ కట్టిన పన్ను చూపే టీఆర్ షెడ్యూళ్ళు నింపినంత మాత్రాన సరిపోదు, ఆదాయపు పన్ను పోర్టల్లో ఫారం 67 విడిగా ఎక్కించి, దానికి 1042-ఎస్ జతచెయ్యాలి. రిటర్న్‌తో పాటే వెయ్యడం మేలు, 2022లో రూలు మార్చాక అసెస్‌మెంట్ సంవత్సరం ముగిసేవరకు వెసులుబాటు ఉంది, రిటర్న్ మాత్రం గడువులో పడి ఉండాలి. విదేశీ ఆదాయం ఉంటే ఐటీఆర్-1, ఐటీఆర్-4 పనికిరావు, ఇదే వృత్తిగా చేస్తుంటే ఐటీఆర్-3, ఎప్పుడో ఒకసారి వచ్చే ఆదాయమైతే ఐటీఆర్-2. కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు కాబట్టి, ఆ తర్వాతి ఆదాయానికి ఫారం, రూలు నంబర్లు పోర్టల్లో చూసుకుని వెయ్యండి.

చేదు నిజం ఒకటుంది. ఇక్కడ మీకు పన్నే పడనంత తక్కువ ఆదాయమైతే, అక్కడ పోయిన 15 శాతం ఎవరూ తిరిగివ్వరు. ఇక్కడ ఆ ఆదాయం మీద ఎంత పన్ను పడుతుందో అంతవరకే తగ్గింపు.

సేల్స్ టాక్స్, జీఎస్టీ కూడా నేనే కట్టాలా

కొనేవాళ్ళ దగ్గర వసూలు చేసే అమెరికా సేల్స్ టాక్స్ సైట్ పని, మీ జేబులోది కాదు. జీఎస్టీ విషయానికొస్తే, డిజైన్ హక్కులు విదేశీ సంస్థకిచ్చి విదేశీ డబ్బు తీసుకోవడం సేవల ఎగుమతి. ఏడాది మొత్తం టర్నోవర్ 20 లక్షలు దాటకపోతే చాలా రాష్ట్రాల్లో రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, దాటితే రిజిస్టర్ చేసుకుని ఎల్‌యూటీ అనే హామీ పత్రం వేస్తే పన్ను కట్టకుండానే ఎగుమతి చెయ్యొచ్చు. బ్యాంకు నుంచి విదేశీ సొమ్ము వచ్చినట్టు ఇచ్చే కాగితాలు మాత్రం దాచండి, వాళ్ళు పర్పస్ కోడ్ (డబ్బు దేనికొచ్చిందో చెప్పే కోడ్) అడిగితే కాపీరైట్ లైసెన్స్‌కి వచ్చిన డబ్బనే చెప్పండి, ఇంటి ఖర్చులకి ఎవరో పంపారని కాదు.

నేను బొమ్మలు చేతితో వేసి పంపుతాను, నాకూ 30 శాతమేనా

కాదు. ఇక్కడ తయారుచేసిన వస్తువుని అమ్మితే వచ్చేది సరుకు ధర, రాయల్టీ కాదు, దాని మీద ఈ కోత ఉండదు. సైట్ డబ్ల్యూ-8బెన్ అడగొచ్చు, మీరు అమెరికా మనిషి కాదని రాసుకోవడానికి మాత్రమే, అందులో 10వ గడి ఖాళీగా వదిలెయ్యండి. ఒకే సైట్‌లో రెండూ చేస్తుంటే, స్టేట్‌మెంట్‌లో రాయల్టీ, అమ్మకం రెండూ విడివిడి వరుసల్లో ఉన్నాయో లేదో చూడండి, కలిపేసి ఉంటే సపోర్ట్‌కి ఆ నెలే రాయండి.