మొదటిసారి వనామీ రొయ్య వేస్తున్నారా? సీడ్ (రొయ్య పిల్లలు) కొనే ముందు ఇది చదవండి

భీమవరం చుట్టుపక్కల ఎవరినడిగినా ఒక్క పంటతో ఇల్లు కట్టినాయన గురించి చెప్తారు. ఒక్క పంటకే పొలం అమ్ముకున్నాయన కూడా ఆ వీధిలోనే ఉంటాడు, ఆయన్ని కూడా కలిసి రండి.

రిస్క్ లేని వనామీ లేదు. రేటు మన చేతిలో లేదు, 2025లో అమెరికా సుంకాలు పెంచితే ఆ దెబ్బ మన చెరువుగట్టు దాకా వచ్చింది. అందుకే మన చేతిలో ఉన్నవాటిలో, అంటే సీడ్, నీళ్లు, కరెంటులో మాత్రం సాహసం వద్దు.

సీడ్‌కి ల్యాబ్‌లో పీసీఆర్ అనే రోగాల టెస్ట్ చేయించాకే తీసుకోండి, వైట్‌స్పాట్ అనే వైరస్ రోగానికి ఒక్కదానికే కాదు, ఈహెచ్‌పీ అనే పరాన్నజీవికి కూడా, ఎందుకంటే ఈహెచ్‌పీ వస్తే రొయ్య వెంటనే చావదు, మేత తింటూనే ఎదగకుండా ఉండిపోతుంది, మనకి తెలిసేసరికి డబ్బంతా మేతలో పోయి ఉంటుంది. చదరపు మీటరుకి 60 పిల్లల దాకా వేయొచ్చని నిబంధన ఉంది కదా అని ఎకరానికి రెండు లక్షల నలభై వేలు వేసేయకండి. మొదటి పంటకి ఎకరానికి లక్ష పిల్లలు చాలు.

ఇక కరెంటు. రాత్రంతా చెరువులో పాచి కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది కాబట్టి తెల్లవారుజామున నీళ్లలో అది బాగా పడిపోతుంది, సరిగ్గా అప్పుడే కరెంటు పోయి ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) ఆగితే గంటల్లో పంట పోతుంది. మాకు అదే జరిగింది. జనరేటర్ ఉంది, డీజిల్ ఉంది, బ్యాటరీ మాత్రం డౌన్. ఇంకో బ్యాటరీ తెచ్చి పెట్టేసరికి రొయ్యలన్నీ నీళ్ల పైకి తేలిపోయి కనిపించాయి, ఆ పూట తలుచుకుంటే నాకిప్పటికీ గుండె దడే. అప్పటినుంచి రోజూ సాయంత్రం జనరేటర్ పది నిమిషాలు ఆన్ చేసి చూస్తాం.

డబ్బు దగ్గర, ఖర్చులో సగానికి అటూఇటూ మేతకే పోతుంది, అందుకే చెక్ ట్రే (మేత ఎంత తిన్నాయో చూడ్డానికి చెరువులో దించే పళ్లెం) చూడకుండా మేత పెంచొద్దు. ఎంత పోయేదాకా భరించగలరో సీడ్ వేయకముందే ఇంట్లోవాళ్లతో కూర్చుని కాగితం మీద రాసుకోండి, ఆ అంకె దాటితే కొత్త అప్పు చేయొద్దు.

వైట్‌స్పాట్ అని తేలితే, రొయ్య అమ్మే సైజులో ఉంటే కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు) ఇంకా మెరుగవుతుందని ఆగకుండా పట్టేయండి. ఆ నీళ్లు మాత్రం బ్లీచింగ్ చేయకుండా కాలవలోకి వదలకండి, పక్క చెరువాయన కూడా అప్పు తెచ్చే వేశాడు.