దీపస్తంభం దగ్గర గన్‌షిప్‌ను కూల్చిన తీరు: నా అనుభవం

2004లో వచ్చిన హాఫ్-లైఫ్ 2 కంప్యూటర్ ఆటను విశాఖపట్నంలో, ఎంవీపీ కాలనీలోని మా ఇంట్లో మళ్లీ ఆడుతూ, దీపస్తంభం ఘట్టం దగ్గర రెండు రోజులు చిక్కుకుపోయాను. డాల్ఫిన్స్ నోస్ దీపస్తంభాన్ని చూస్తూ పెరిగినవాడికి అది కొంత నామోషీగానే తోచింది.

ఆ ఆటలోని రాకెట్ లాంచర్ వదిలిన క్షిపణి మనం చూపే లేజర్ చుక్క వెంటే పోతుంది. ఒకటి పేలేదాకా రెండోది వదలడం కుదరదు, దగ్గర ఉంచుకోగలిగేవి మూడే. నేను చుక్కను సూటిగా గన్‌షిప్ (శత్రువుల ఎగిరే యుద్ధయంత్రం) మీదే నిలిపేవాడిని, అది నా క్షిపణులను దారిలోనే కాల్చి పడగొట్టేది. తరువాత చుక్కను ముందు పక్కకు చూపి, క్షిపణిని వంపు తిప్పి, చివరి క్షణంలో దాని పక్కభాగం మీదికి మళ్లించాను.

అయినా చుక్క ఉన్నట్టుండి ఎగిరిపడేది. లోపం ఆటలో లేదు, మా గాజు బల్లపై నడుస్తున్న, కిందితలాన్ని కాంతితో చూసి కదలికను పసిగట్టే ఆప్టికల్ మౌస్‌లో ఉంది. పాత క్యాలెండర్ అట్టను తిరగేసి కింద పరిచాక చుక్క నిలిచింది. ఆటలో అక్కడే ఉన్న పెట్టెలోని క్షిపణులను మళ్లీ మళ్లీ తెచ్చుకుంటూ, ఆ సాయంత్రమే గన్‌షిప్‌ను కూల్చాను.