ఉద్యోగం చేస్తూ క్లౌడ్ సర్టిఫికేషన్‌కు చదవడం

నల్లగొండ నుంచి రోజూ హైదరాబాద్‌కు బస్సులో వెళ్లి వస్తూ ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్ సేవ) సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ పరీక్షకు సిద్ధమయ్యేవారు, 30 శాతం వెయిటేజీ ఉన్న భద్రత విభాగంతో మొదలుపెట్టడం మేలు. రాత్రి భోజనమయ్యాక పుస్తకం పడితే కునుకు తప్ప మరేమీ రాదు. తెల్లవారుజామున ఒక గంట కేటాయించి, నిన్న చదివినదాన్ని చూడకుండా కాగితంపై రాశాకే కొత్త పాఠంలోకి వెళ్లాలి. ఉదాహరణకు, ఇలా రాయవచ్చు: సర్వర్‌కు రాకపోకలను నియంత్రించే సెక్యూరిటీ గ్రూప్, లోపలికి అనుమతించిన కనెక్షన్‌కు జవాబును తానే బయటికి పోనిస్తుంది. నెట్‌వర్క్‌లో ఒక భాగం మొత్తానికి వర్తించే నియమాల జాబితా అయిన నెట్‌వర్క్ ఏసీఎల్‌లో మాత్రం బయటికి వెళ్లేందుకూ విడిగా నియమం రాయాలి. బస్సులో వీడియోలు చూడటం, నా దృష్టిలో, చదువు కిందికి రాదు. ఆదివారం ల్యాబ్ చేసి, బిల్లు పడకుండా ఇన్‌స్టాన్స్‌లను (క్లౌడ్‌లో అద్దెకు తీసుకున్న సర్వర్లను) తొలగించాలి. పరీక్షలో 130 నిమిషాల్లో 65 ప్రశ్నలుంటాయి. తప్పు జవాబుకు మార్కుల కోత లేదు కనుక దేన్నీ ఖాళీగా వదలకూడదు.