బ్యాటరీ మినీ ప్రొజెక్టర్ కొనేముందు గోడ కొలవండి, తెచ్చాక ఛార్జర్ పీకేసి చూడండి

బ్యాటరీతో నడిచే చిన్న ప్రొజెక్టర్ కొందామనుకుంటే మోడల్స్ వెతకడం కాసేపు ఆపి ముందు కొలత టేపు తీస్కోండి. ఇంట్లో ఏ గోడ మీద వేస్తారో అక్కడ అడ్డంగా ఎంత ఖాళీ ఉంది, ప్రొజెక్టర్ పెట్టే స్టూలో టేబులో గోడకి ఎంత దూరంలో ఉంటుంది, ఈ రెండూ కొలిచి రాస్కోండి, రాత్రి లైట్లన్నీ ఆపేశాక కూడా కిటికీలోంచి వీధి లైటు వెలుతురు ఆ గోడ మీద పడుతోందా లేదా అది కూడా చూస్కోండి. ఈ మూడు తెలిస్తే సగం మోడల్స్ వాటంతటవే లిస్టులోంచి పోతాయి.

నేను మొదటిసారి ఇవేవీ చూడలేదు. డబ్బా మీద 9000 ల్యూమెన్స్ అని పెద్ద అక్షరాలతో ఉంది, 1080పీ అని ఉంది, బ్యాటరీ కూడా లోపలే ఉంది, ఇంకేం కావాలి అనుకుని తెచ్చేసుకున్నా. పిల్లలందర్నీ కూర్చోబెట్టి గోడ నిండా బొమ్మ వేస్తే చీకటి సీన్లు వచ్చేసరికి ఎవరు ఎవరో తెలీట్లేదు, సబ్‌టైటిల్స్ అంచుల్లో అలుక్కుపోయాయి, ఛార్జర్ పీకగానే ఉన్న వెలుతురు కూడా ఇంకా తగ్గింది, సినిమా సగంలో ఉండగా మొత్తం ఆగిపోయింది. రిపేర్ ఏమీ లేదు, ఆ వస్తువు చెయ్యగలిగిందే అంత. పిల్లల మొహాలు చూస్తే చాలా బాధేసింది. ఆ తర్వాత కూర్చుని అసలు ఈ నంబర్లకి అర్థం ఏంటో ఒక్కొక్కటి నేర్చుకున్నా, అదే ఇక్కడ రాస్తున్నా.

ముందు వెలుతురు సంగతి, ఎందుకంటే ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. ఉత్త "ల్యూమెన్స్" అని రాసుంటే దాన్ని నమ్మకండి. మీరు వెతకాల్సింది అన్సీ ల్యూమెన్స్ లేదా ఐఎస్ఓ ల్యూమెన్స్ అనే మాట. అన్సీ పద్ధతిలో తెర మీద పడిన వెలుతురుని తొమ్మిది చోట్ల కొలిచి, సగటు తీసి, దాన్ని తెర వైశాల్యంతో గుణిస్తారు, అంటే అది నిజంగా తెర మీదికి చేరే వెలుతురు. ఐఎస్ఓ 21118 కూడా తెర దగ్గర కొలిచేదే. "లైట్ సోర్స్ ల్యూమెన్స్" అంటే లోపలున్న దీపం ఇచ్చే వెలుతురు, అది లెన్స్ దాటి బయటికొచ్చేసరికి చాలా తగ్గిపోతుంది. "ఎల్ఈడీ ల్యూమెన్స్" అని రాసినా కూడా అన్సీ ఎంతో అడగండి, రెండూ ఒకటి కాదు. చేతిలో పట్టేంత బ్యాటరీ ప్రొజెక్టర్‌లో 200 నుంచి 500 అన్సీ మధ్య ఉంటే అది నమ్మదగ్గ అంకె, అదే సైజులో వేలకు వేలు కనిపిస్తే అక్కడితో ఆ పేజీ మూసెయ్యండి.

మరి మీకు ఎన్ని ల్యూమెన్స్ కావాలి? దీనికి ఒక లెక్క ఉంది, కష్టమేం కాదు. సినిమా థియేటర్ తెరకి ప్రమాణంగా పెట్టుకున్న వెలుతురు 48 నిట్స్, నిట్స్ అంటే తెర ఎంత ప్రకాశంగా కనిపిస్తుందో చెప్పే కొలత. మామూలు తెల్ల తెర మీద, పూర్తి చీకట్లో, అంత రావాలంటే ప్రతి చదరపు మీటరుకి సుమారు 150 ల్యూమెన్స్ పడాలి. 60 అంగుళాల బొమ్మ అంటే (ఈ అంగుళాలు మూల నుంచి ఎదురు మూలకి కొలిచేవి) అడ్డం 133 సెంటీమీటర్లు, ఎత్తు 75, అంటే ఒక చదరపు మీటరు, కాబట్టి 150 ల్యూమెన్స్ చాలు. 80 అంగుళాలకి దాదాపు 265 కావాలి. 100 అంగుళాలకొస్తే అడ్డం 221 సెంటీమీటర్లు, ల్యూమెన్స్ 415 దాకా కావాలి, 120 అంగుళాలకి 600. చూశారా, సైజు 60 నుంచి 120 అయితే రెట్టింపే కానీ వెలుతురు మాత్రం నాలుగు రెట్లు కావాలి. "200 అంగుళాల దాకా వస్తుంది" అని రాసేది అందుకే పనికిరాని మాట, వస్తుంది నిజమే, కానీ పొగమంచులో చూసినట్టు ఉంటుంది.

ఇది పూర్తి చీకట్లో లెక్క అని గుర్తుపెట్టుకోండి. 300 ల్యూమెన్స్‌ని 80 అంగుళాలకి పరిస్తే తెర మీద పడేది దాదాపు 170 లక్స్ (అంటే చదరపు మీటరుకి 170 ల్యూమెన్స్), ఇంట్లో లైటు వేసిన గదిలో కూడా ఇంచుమించు అంతే వెలుతురు ఉంటుంది, ఆ లైటు ఆపకపోతే నల్లగా ఉండాల్సినవన్నీ బూడిద రంగులో కనిపిస్తాయి. ఎండ సంగతి చెప్పక్కర్లేదు, నేరుగా పడే ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. ఆరుబయట చూడాలంటే పొద్దు పూర్తిగా గూకాకే మొదలెట్టండి, సాయంత్రం వెలుగుండగా పెట్టి ప్రొజెక్టర్‌ని తిట్టుకోవడం వల్ల లాభం లేదు.

ఇప్పుడు అసలు విషయం, బ్యాటరీ. చాలా మోడల్స్‌లో డబ్బా మీద రాసిన వెలుతురు ఛార్జర్ పెట్టినప్పుడు వచ్చేది. ఛార్జర్ పీకితే ఎకో మోడ్‌లోకి, అంటే కరెంట్ పొదుపు చేసే పద్ధతిలోకి వెళ్ళిపోతుంది, వెలుతురు తగ్గుతుంది. "రెండున్నర గంటలు" అని చెప్పేది కూడా చాలాసార్లు ఆ తగ్గిన వెలుతురులోనే. అందుకే కొనేముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే, బ్యాటరీ మీద నడిచేటప్పుడు ఎంత వెలుతురు, ఆ వెలుతురులో ఎంతసేపు? స్పెసిఫికేషన్స్‌లో ఇది దొరక్కపోతే కొన్నవాళ్ళు తీసిన వీడియోల్లో ఛార్జర్ వైరు ఉందో లేదో గమనించండి.

బ్యాటరీని ఎంఏహెచ్‌లో కాకుండా వాట్ అవర్స్‌లో చూడండి. ఎంఏహెచ్‌ని 1000తో భాగించి వోల్టేజ్‌తో గుణిస్తే వాట్ అవర్స్ వస్తాయి, 20000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ అంటే 3.7 వోల్ట్‌లతో 74 వాట్ అవర్స్ అన్నమాట. ప్రొజెక్టర్ 25 వాట్లు తీస్కుంటుందనుకుంటే 50 వాట్ అవర్స్ బ్యాటరీ రెండు గంటలు లాగుతుంది, సినిమా రెండున్నర గంటలుంటే చివరి అరగంట మిగిలిపోతుంది. ఉదాహరణకి యాంకర్ నెబ్యులా క్యాప్సూల్ 3 లేజర్ 300 అన్సీ ల్యూమెన్స్, 52 వాట్ అవర్స్ బ్యాటరీ, కంపెనీ చెప్పే టైమ్ రెండున్నర గంటలు. ఈ సైజు వస్తువు ఎంత చెయ్యగలదో పోల్చుకోడానికి ఇది మంచి కొలబద్ద.

ఇంకో మాట, చూడ్డానికి పోర్టబుల్ అయినంత మాత్రాన లోపల బ్యాటరీ ఉందనుకోకండి. శాంసంగ్ ది ఫ్రీస్టైల్‌లో, ఎక్స్‌జిమీ మోగో 2 ప్రోలో లోపల బ్యాటరీ లేదు, బయట ప్లగ్ లేకపోతే టైప్ సీ పీడీ (పవర్ డెలివరీ, అంటే టైప్ సీ నుంచి ఎక్కువ వాట్లు ఇచ్చే పద్ధతి) పవర్ బ్యాంక్ తగిలించాలి. ఇది లోపం అని నేననను, నిజం చెప్పాలంటే నాకు ఈ పద్ధతే ఎక్కువ నచ్చుతుంది, లోపలి బ్యాటరీ కొన్నేళ్ళకి నీరసపడితే మార్చడం తలనొప్పి, పవర్ బ్యాంక్ అయితే కొత్తది కొనుక్కుంటే సరిపోతుంది. కాకపోతే పవర్ బ్యాంక్ సరైంది ఉండాలి. మామూలు ఫోన్ పవర్ బ్యాంక్ 18 వాట్లో 22 వాట్లో ఇస్తుంది, దాంతో ప్రొజెక్టర్ ఆన్ కాదు, ఆన్ అయినా మధ్యలో ఆగుతుంది. 65 వాట్ల పీడీ అని రాసుండాలి, అది కూడా ఒక్క పోర్టు నుంచి వచ్చేది, రెండు పోర్టులూ కలిపి కాదు. కేబుల్ విషయంలో కూడా జాగ్రత్త, 65 వాట్లంటే 20 వోల్ట్‌ల దగ్గర 3.25 యాంప్స్, మామూలు టైప్ సీ కేబుల్ 3 యాంప్స్‌కే ఆగుతుంది, అందుకే 5 యాంప్స్ లేదా 100 వాట్లు అని రాసున్న కేబుల్ తీస్కోండి.

విమానంలో తీసుకెళ్ళేవాళ్ళకి ఈ వాట్ అవర్స్ ఇంకా ముఖ్యం. 100 వాట్ అవర్స్ లోపు ఉంటే మామూలుగా పర్లేదు, 100 నుంచి 160 మధ్య అయితే ఎయిర్‌లైన్ ముందే ఒప్పుకోవాలి, 160 దాటితే ప్రయాణికుల సామాన్లో కుదరదు. పవర్ బ్యాంక్ ఎప్పుడూ చేతి బ్యాగులోనే, చెక్ ఇన్ సామాన్లో పెట్టకూడదు, ప్రొజెక్టర్ కూడా మీతోనే ఉంచుకోండి, స్లీప్‌లో కాకుండా పూర్తిగా ఆఫ్ చేసి. వాట్ అవర్స్ అంకె చెరిగిపోయిన పాత పవర్ బ్యాంక్‌తో సెక్యూరిటీ దగ్గర ఇబ్బంది, తీసి పక్కన పెట్టించేస్తారు. ఎండలో ఆపిన కారులో మాత్రం వదలొద్దు, లిథియం బ్యాటరీకి వేడి పడదు. నెలల తరబడి వాడకపోతే సగం ఛార్జ్ దగ్గర ఉంచి దాచండి, ఫుల్‌గానూ వద్దు, ఖాళీగానూ వద్దు.

రిజల్యూషన్ దగ్గర ఒకే ఒక్క మాట చూడండి, నేటివ్, అంటే ప్రొజెక్టర్ నిజంగా తెర మీద చూపించే చుక్కల లెక్క. "1080పీ సపోర్ట్", "4కే సపోర్ట్" అంటే ఆ వీడియో ఫైల్‌ని తీస్కుంటుంది అని మాత్రమే, చూపించేది 854×480 కావచ్చు. 80 అంగుళాల బొమ్మలో 480పీ అయితే ఒక్కో చుక్క దాదాపు 2 మిల్లీమీటర్ల వెడల్పుంటుంది, దగ్గరికెళ్తే స్కేలు పెట్టి కొలవొచ్చు, 1080పీ అయితే మిల్లీమీటర్ కంటే తక్కువ. పిల్లల కార్టూన్లకి 720పీ హాయిగా సరిపోతుంది. సబ్‌టైటిల్స్ చదివేవాళ్ళకి, ల్యాప్‌టాప్ తగిలించి స్లైడ్స్ చూపించేవాళ్ళకి 1080పీ నేటివ్ ఉండాల్సిందే.

లోపల బొమ్మ తయారుచేసేది డీఎల్‌పీనా ఎల్‌సీడీనా అన్నది కూడా అడగండి. డీఎల్‌పీలో చిప్ మీద లక్షల చిన్న చిన్న అద్దాలుంటాయి, ఒక్కోటి సెకనుకి వేలసార్లు అటూ ఇటూ ఒరుగుతూ వెలుతురుని లెన్స్ వైపుకో పక్కకో కొడుతుంది, టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో ల్యారీ హార్న్‌బెక్ 1987లో కనిపెట్టింది ఇది. చిన్న సైజులో ఎక్కువ వెలుతురు రావాలంటే ఇదే మంచిది. దీన్లో ఒక చిక్కుంది, కొంతమంది కళ్ళు గబుక్కున తిప్పితే తెల్ల అక్షరాల పక్కన ఎరుపు ఆకుపచ్చ నీలం గీతల్లా మెరుస్తాయి. అందరికీ కనపడదు, ఇంట్లో ఒక్కరికి కనపడినా వాళ్ళకి తలనొప్పి వస్తుంది, అందుకే నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్ల అక్షరాలు పెట్టి అందరి చేతా చూపించండి. ఎల్‌సీడీలో ఆ గొడవ లేదు, కానీ లోపలి భాగం సీల్ చెయ్యకపోతే దుమ్ము చేరి బొమ్మ మధ్యలో మసక మచ్చ పడుతుంది, అది తుడిస్తే పోయేది కాదు.

దూరం లెక్క కోసం థ్రో రేషియో చూడండి. 1.2 అని ఉంటే బొమ్మ అడ్డాన్ని 1.2తో గుణించాలి, 100 అంగుళాలకి 221 సెంటీమీటర్లు కాబట్టి 2.65 మీటర్ల దూరం. మీరు ముందే కొలిచిన కొలత ఇక్కడ పనికొస్తుంది. చిన్న ప్రొజెక్టర్లలో చాలావాటికి ఆప్టికల్ జూమ్ ఉండదు, బొమ్మ పెద్దది కావాలంటే ప్రొజెక్టర్‌నే వెనక్కి జరపాలి. కీస్టోన్ (వంకరగా పడిన బొమ్మని చదరంగా సరిచేసే సెట్టింగ్) ఉంది కదా పక్కనుంచి వేద్దాం అనుకోకండి, వంకర సరిచెయ్యడానికి అది బొమ్మనే లోపలికి కుదిస్తుంది, చుక్కలూ పోతాయి, వెలుతురూ పోతుంది, అసలే తక్కువున్న వెలుతురు. కింద ట్రైపాడ్ బిగించే పావు అంగుళం మర ఉంటే గోడకి ఎదురుగా సరైన ఎత్తులో నిలబెట్టొచ్చు, ప్రయాణాల్లో ఈ చిన్న కంత చాలా ఉపయోగం.

యాప్స్ విషయంలో ఆండ్రాయిడ్ అని ఉంటే చాలనుకుంటే పొరపాటే. నెట్‌ఫ్లిక్స్ లాంటివాటికి పరికరానికి లైసెన్స్ ఉండాలి, వైడ్‌వైన్ ఎల్1 అనే కాపీ రక్షణ అనుమతి లేకపోతే యాప్ ఓపెన్ అయినా బొమ్మ మసగ్గా వస్తుంది. ఫోన్ నుంచి మిర్రర్ చేద్దామంటే మాట వినపడుతూ తెర నల్లగా ఉండిపోవచ్చు, అది కాపీ రక్షణ పని. హెచ్‌డీఎంఐ పోర్టూ పక్కనే యూఎస్‌బీ పోర్టూ ఉన్న ప్రొజెక్టర్ తీస్కుని స్ట్రీమింగ్ స్టిక్ తగిలించుకోవడం నా దృష్టిలో మంచి దారి. స్టిక్‌కి కరెంట్ ఆ యూఎస్‌బీ నుంచే వస్తుంది కాబట్టి బ్యాటరీ ఇంకొంచెం తొందరగా అయిపోతుంది, ఆ లెక్క కూడా వేసుకోండి. నెట్ లేని చోటుకి వెళ్తుంటే సినిమా పెన్ డ్రైవ్‌లో పెట్టుకోండి.

సౌండ్ గదిలో సరిపోతుంది, ఆరుబయట సరిపోదు. బ్లూటూత్ స్పీకర్ పెడితే పెదవుల కదలికకీ మాటకీ తేడా రావచ్చు, 3.5 ఎంఎం జాక్ ఉంటే వైరు పెట్టండి, సమస్యే ఉండదు. ఫ్యాన్ చప్పుడు మాత్రం విని తీరాలి, ప్రొజెక్టర్ మీ తల పక్కనే ఉంటుంది కాబట్టి.

ఇంటికి రాగానే మొదటి రాత్రే పరీక్ష పెట్టండి. బ్యాటరీ ఫుల్ చేసి ఛార్జర్ పీకేసి, గది చీకటి చేసి, మీరు అసలు చూడబోయే సైజులోనే ఒక పూర్తి సినిమా వేసి టైమ్ రాస్కోండి. మధ్యలో ఒకసారి తెల్ల స్క్రీన్ పెట్టి మచ్చలు, మూలల్లో చీకటి ఉన్నాయేమో చూడండి, చిన్న అక్షరాలు పెట్టి నాలుగు మూలలూ మధ్య భాగం ఒకేలా ఫోకస్ అయ్యాయా చూడండి, అరగంట తర్వాత మళ్ళీ చూడండి, వేడెక్కాక ఫోకస్ కాస్త పక్కకి జరగొచ్చు. గాలి వచ్చే కంతలకి దిండో దుప్పటో అడ్డం పెట్టకండి, చిన్నపిల్లల్ని లెన్స్‌లోకి చూడనివ్వకండి. ఇదంతా వాపస్ ఇచ్చే గడువులోపే అయిపోవాలి, అప్పటిదాకా డబ్బా, లోపలి అట్టలు, బిల్లు ఏవీ పారెయ్యకండి.