హైడ్రోజన్ బండి ప్రోటోటైప్ చేస్తున్నారా, ఫ్యూయల్ సెల్ స్టాక్ ఆఖర్న కొనండి

హైడ్రోజన్ బండి అనుకోగానే చాలా కాలేజీ టీములు ముందు ఫ్యూయల్ సెల్ స్టాక్‌కి, అంటే హైడ్రోజన్ నుంచి కరెంటు తీసే సెల్స్ దొంతరకి, కొటేషన్లు తెప్పిస్తాయి, దయచేసి అలా చెయ్యొద్దు, మీ బండి నడవడానికి ఎన్ని వాట్లు కావాలో ముందు తేల్చండి. 2005లో జ్యూరిక్ ఈటీహెచ్ యూనివర్సిటీ వాళ్ళ ప్యాక్-కార్ II అనే బండి ఒక్క లీటరు పెట్రోల్‌కి సమానమైన హైడ్రోజన్‌తో 5,385 కి.మీ. లెక్కన పోయింది, నన్నడిగితే అందులో స్టాక్ కంటే బాడీ షేపుదీ టైర్లదీ తక్కువ బరువుదీ ఎక్కువ వాటా.

లెక్క వేద్దాం. డ్రైవర్‌తో కలిపి 100 కిలోలు, టైరు రోలింగ్ కోఎఫిషియెంట్ (దొర్లేటప్పుడు టైరు బండిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె) 0.0025, గాలి ఎంత ఆపుతుందో చెప్పే డ్రాగ్ కోఎఫిషియెంట్ 0.15, ముందు నుంచి కనిపించే వైశాల్యం 0.35 చదరపు మీటర్లు, స్పీడు గంటకి 30 కి.మీ. అనుకుంటే టైర్లకి 2.5 న్యూటన్లు, గాలికి 2.2, మొత్తం 39 వాట్లు, అంటే పాత ట్యూబ్‌లైట్ అంత కరెంటు! మోటార్ 85 శాతం, స్టాక్ 50 శాతం ఎఫిషియెన్సీ వేసుకున్నా గ్రాము హైడ్రోజన్‌కి దాదాపు 11 కి.మీ. వస్తుంది. అదే టైర్లు నాసిరకంవి వేసి 0.006 అయిందంటే 39 కాస్తా 67 అవుద్ది, ఏ స్టాక్ పెట్టినా ఆ నష్టం పూడదు.

అందుకే బండి బాడీ షెల్ తయారవగానే కోస్ట్‌డౌన్ టెస్ట్ చెయ్యండి, తెల్లారుజామున గాలి లేనప్పుడు సమంగా ఉన్న రోడ్డు మీద 20 స్పీడుకి తీసుకెళ్ళి వదిలేసి ఎంత దూరం పోతుందో అటూ ఇటూ రెండు వైపులా కొలవండి. తక్కువ దూరానికే ఆగిపోతుంటే ముందు వీల్ అలైన్‌మెంట్, తర్వాత బ్రేక్ రాసుకుంటుందేమో చూడండి.

ఇప్పుడు స్టాక్. లోడ్ మీద ఒక్కో సెల్ 0.6 నుంచి 0.7 వోల్టులే ఇస్తుంది కాబట్టి 24 వోల్టులకి 36 సెల్స్ దాకా కావాలి. 200 వాట్లది చాలు, స్టార్టింగ్‌లో లాగే ఎక్కువ కరెంటుని సూపర్ కెపాసిటర్లు (కరెంటు దాచుకుని ఒక్కసారిగా ఇచ్చేవి) చూసుకుంటాయి. ఎయిర్ కూల్డ్ స్టాక్ అయితే మన ఎండల్లో ఫ్యాన్లు అదే పనిగా తిరిగి సెల్ లోపల తడిగా ఉండాల్సిన పల్చటి పొర, అంటే మెంబ్రేన్, ఎండిపోద్ది, వోల్టేజ్ పడిపోద్ది, అలాగని ఫ్యాన్లు మరీ తగ్గిస్తే వేడెక్కుద్ది, కాబట్టి టెంపరేచర్ చూసి ఫ్యాన్ స్పీడ్ మార్చే కంట్రోలర్ ఉండాల్సిందే.

సేఫ్టీ విషయంలో మాత్రం ఒక్కటి కూడా వదలొద్దు. హైడ్రోజన్‌కి వాసన లేదు, గాలిలో 4 నుంచి 75 శాతం మధ్య ఎంతున్నా అంటుకుంటుంది, చిన్న స్పార్క్ చాలు. అది పైకి లేస్తుంది కాబట్టి సెన్సర్ కంపార్ట్‌మెంట్ పైభాగంలో పెట్టండి, డ్రైవర్‌కీ గ్యాస్‌కీ మధ్య గోడ కట్టండి, కరెంట్ పోతే దానంతటదే మూసుకునే సొలెనాయిడ్ వాల్వ్ సిలిండర్ దగ్గరే బిగించండి. మొదటిసారి లైన్‌లోకి హైడ్రోజన్ కాదు, నైట్రోజన్ ఎక్కించి ప్రతి జాయింట్‌కీ సబ్బునీళ్ళు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి, స్టాక్‌లోంచి వాడని గ్యాస్‌ని బయటికి వదిలే పర్జ్ పైపు కొస మాత్రం బాడీ బయటే ఉండాలి.