స్లాట్ కార్ రేసింగ్ నేర్చుకుందాం – 5వ భాగం: జట్ల ఎండ్యూరెన్స్ రేసు నిర్వహణ

ట్రాక్ గాడిలో నడిచే, చేతి కంట్రోలర్‌తో వేగం మార్చే చిన్న కరెంటు కార్లే స్లాట్ కార్లు. గత భాగంతో వాటి ట్రాక్ పని పూర్తయింది. ఎండీఎఫ్ (చెక్కపొడిని నొక్కి చేసిన) పలకల్లో నాలుగు గాళ్ళు, వాటి పక్కన రాగి టేపు, లేన్‌కు ఒక ఫ్యూజ్ సిద్ధంగా ఉన్నాయి. ఈసారి దాని మీద జట్లను ఎండ్యూరెన్స్ పోటీకి, అంటే గంటల తరబడి సాగే పోటీకి దించుదాం. లెక్కలు తేలిగ్గా అర్థం కావడానికి ఒక నమూనా పెట్టుకుందాం: బెంగళూరులో ఓ అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్ హాలు, 18 మీటర్ల ట్రాక్, 1:32 కార్లు (అసలు కారు పొడవులో 32వ వంతు), 6 జట్లు, జట్టుకు ముగ్గురు. హాలు ఉదయం 8కి చేతికొస్తుంది, సాయంత్రం 6కి ఖాళీ చేయాలి.

మొదట ఒక లెక్క. ల్యాప్ 6 సెకన్లనుకోండి. ఒక్కో జట్టు మొత్తం 160 నిమిషాలు నడిపితే 1600 ల్యాపులు వస్తాయి. ఒక జట్టు కష్టపడి కారును ల్యాపుకు 0.05 సెకను వేగంగా మార్చుకుంటే రోజంతటికీ 80 సెకన్లు, అంటే సుమారు 13 ల్యాపులు కలిసొస్తాయి. అదే కారు 20 నిమిషాలకు 8 సార్లు గాడి తప్పి, ప్రతిసారీ మార్షల్ (పడిన కారును తిరిగి గాడిలో పెట్టే మనిషి) 2 సెకన్లు ఆలస్యంగా చెయ్యి పెడితే 128 సెకన్లు పోతాయి. అంటే 21 ల్యాపులు. నిర్వాహకుడి శ్రద్ధ ముందు మార్షళ్ళ మీద, వాళ్ళను సమంగా పంచే పట్టిక మీద ఉండాలని ఈ లెక్కే చెబుతోంది. కార్ల సంగతి ఆ తర్వాత.

పట్టిక ఎలా వేయాలి

నాలుగు లేన్లూ సమానం కావు. లోపలి లేన్‌లో మలుపులు ఇరుకు, బయటి లేన్‌లో దూరం ఎక్కువ. అందుకే ప్రతి జట్టూ ప్రతి లేన్‌లోనూ సమాన సమయం నడపాలి. జట్లు ఆరు, లేన్లు నాలుగు కాబట్టి ఏ సమయంలోనైనా రెండు జట్లు ట్రాక్ బయట ఉంటాయి. ఆ ఆరుగురే మార్షళ్ళు.

జట్లు తిరిగే వరుస ఇది: 1వ లేన్, 3వ లేన్, మార్షల్, 4వ లేన్, 2వ లేన్, మార్షల్, మళ్ళీ 1వ లేన్. మొదటి స్టింట్‌లో (ఆగకుండా నడిపే ఒక వంతులో) జట్లను ఈ వరుసలో కూర్చోబెట్టి, ప్రతి స్టింట్ తర్వాత అందర్నీ ఒక అడుగు ముందుకు జరపండి. ఆరు స్టింట్లకు అందరూ నాలుగు లేన్లూ చూస్తారు, రెండుసార్లు మార్షల్ పని చేస్తారు. మార్షల్ వంతులు రెండూ పక్కపక్కన పెట్టే పట్టికలు కూడా ఉన్నాయి. వాటిలో కొన్ని జట్లు వరుసగా నాలుగు స్టింట్లు నడిపి, ఆ తర్వాత వరుసగా రెండు స్టింట్లు నిలబడాల్సి వస్తుంది. రెండో స్టింట్‌కు వచ్చేసరికి మార్షళ్ళ కళ్ళు ట్రాక్ మీద ఉండవు. పై వరుసలో రెండు స్టింట్లు నడిపితే ఒక స్టింట్ నిలబడతారు, మళ్ళీ రెండు నడుపుతారు.

ఈ ఆరు స్టింట్ల చుట్టును ఒక్కసారి 40 నిమిషాల చొప్పున కాకుండా, 20 నిమిషాల చొప్పున రెండుసార్లు తిప్పండి. దీనికి కారణం ట్రాక్ మీద టైర్ల పట్టు. రబ్బరు టైర్లు నడిచేకొద్దీ ట్రాక్ మీద పలుచని పొర పేరుకుంటుంది, అందుకే మొదటి గంట కన్నా మూడో గంటలో కార్లు వేగంగా పోతాయి. ఒక్క చుట్టే పెడితే, కష్టమైన లేన్ మొదట్లోనే వచ్చిన జట్టుకు అన్యాయం జరుగుతుంది. రెండు చుట్లతో ఆ తేడా పూర్తిగా పోదు గానీ బాగా తగ్గుతుంది.

ఒక చుట్టుకు 20 నిమిషాల స్టింట్లు 6, మధ్యలో 4 నిమిషాల మార్పిడులు 5, మొత్తం 140 నిమిషాలు. 11:00కి మొదలుపెడితే మొదటి చుట్టు 1:20కి అవుతుంది. 2:00 దాకా భోజనం, 4:20కి రేసు పూర్తి. విప్పి సర్దడానికి గంటకు పైగా మిగులుతుంది. ఆ గంటను ఇంకో స్టింట్‌కు వాడాలనిపిస్తుంది, వాడకండి. ట్రాక్ కాల్స్ (రేసు మొత్తాన్ని కాసేపు ఆపడాలు), కరెంటు కోతలు తినేది ఆ గంటనే.

జట్టుకు 8 స్టింట్లు, ముగ్గురు డ్రైవర్లు. ఎవరూ 2కు తగ్గకూడదు, 3కు మించకూడదు. 3, 3, 2గా సరిపోతుంది. ఒకే లేన్‌ను రెండు చుట్లలోనూ ఒకే డ్రైవర్ నడపకూడదనే నియమం కూడా పెట్టండి. లేకపోతే కష్టమైన లేన్ ఎప్పుడూ జట్టులోని మొనగాడికే పోతుంది, కొత్తవాళ్ళు నేర్చుకోరు.

మార్షళ్ళు

ఆరుగురిలో ఐదుగురు ట్రాక్ చుట్టూ నిలబడతారు, ఆరోవాడు రేస్ కంట్రోల్ బల్ల దగ్గర చిట్టా రాస్తాడు. ఐదు చోట్లను ముందురోజే నేల మీద రంగు టేపుతో గుర్తుపెట్టి అంకెలు వేయండి. చోటు ఎంచుకునే పద్ధతి సులువు: ప్రాక్టీసులో కార్లు ఎక్కడ ఎగిరిపడుతున్నాయో చూడండి. సాధారణంగా పొడవైన స్ట్రెయిట్ చివరి మలుపులో ఇద్దరు కావాలి. ఓవర్‌బ్రిడ్జి ఉంటే దాని కిందికి చెయ్యి దూరే మనిషి కావాలి. చెయ్యి చాపినా అందని చోటు ట్రాక్ మీద ఎక్కడైనా ఉంటే అక్కడికి ఒక ఎత్తుపీట వేయండి.

కారును పట్టుకునే పద్ధతి రేసు మొదలయ్యే ముందు అందరికీ చేసి చూపించాలి. బాడీని రెండు పక్కలా పట్టి ఎత్తి, ముందు గైడ్‌ను (కారు ముందు కింద గాడిలో దిగే ముక్కను) గాడిలో దించి, తర్వాత వెనక చక్రాలు ఆనించి చెయ్యి తీసేయాలి. రెక్క పట్టుకుని ఎత్తితే రెక్క ఊడుతుంది. వెనక చక్రాలు ముందు ఆనిస్తే డ్రైవర్ ట్రిగ్గర్ నొక్కే ఉంచినప్పుడు కారు అడ్డంగా తిరిగి పక్క లేన్‌లోకి పోతుంది. పక్క లేన్‌లో కారు వస్తుంటే దాన్ని పోనిచ్చాకే చెయ్యి పెట్టాలి. రెండు కార్లు గుద్దుకుంటే, దెబ్బ తిన్నది ముందు, గుద్దింది తర్వాత గాడిలో పెట్టాలి.

తప్పు లేన్‌లో పెట్టడం ఎక్కువగా జరిగే పొరపాటు. దీనికి విరుగుడు రంగు చుక్కలు: లేన్‌కో రంగు స్టిక్కరు, కారు పైకప్పు మీద. మార్పిడిలో కారుతోపాటు స్టిక్కరు మారాలి. ఆ పని డ్రైవర్‌ది కాదు, కారును కొత్త లేన్‌లోకి మార్చే మార్షల్‌ది. డ్రైవర్లు మర్చిపోతారు.

ఫోను జేబులోంచి తీసిన మార్షల్ జట్టుకు మొదటిసారి హెచ్చరిక, రెండోసారి 5 ల్యాపుల కోత. చోటు ఖాళీగా ఉంటే రేసు మొదలవకూడదు. ఇవి రాతపూర్వకంగా గోడకు అతికించండి. నోటిమాటగా చెప్పినదాని మీద మధ్యాహ్నానికి వాదన మొదలవుతుంది.

కరెంటు, లెక్కింపు

అయస్కాంతం లేని 1:32 కారు నడిచేటప్పుడు సాధారణంగా 1 ఆంపియర్ లోపే తీసుకుంటుంది, కదిలే క్షణంలో మాత్రం అంతకంటే బాగా ఎక్కువ లాగుతుంది. నాలుగు లేన్లకు కలిపి 12 వోల్టుల 10 ఆంపియర్ల రెగ్యులేటెడ్ (వాడకం మారినా వోల్టేజ్ మారని) సప్లై, లేన్‌కు 3 ఆంపియర్ల ఫ్యూజ్ చాలు. బెంగళూరు ఎస్.పి. రోడ్డు ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో ఈ రకం సప్లై (ఎస్ఎంపీఎస్) సులభంగా దొరుకుతుంది. దాని 230 వోల్టుల టెర్మినళ్ళు బయటికే ఉంటాయి కాబట్టి పెట్టెలో బిగించి, ఎర్త్ తగిలించాకే హాల్లో పెట్టండి. రెగ్యులేషన్ లేని సప్లై వాడితే ఒక కారు గాడి తప్పగానే మిగతా మూడు లేన్లలో వోల్టేజ్ పెరిగి, ఆ కార్లూ మలుపులో ఎగురుతాయి. డ్రైవర్లు టైర్లను నిందిస్తూ కూర్చుంటారు, అసలు దోషం సప్లైలో ఉంటుంది.

కంట్రోలర్ తీగల క్రమం బల్ల మీద రాసి పెట్టండి. పార్మా కంపెనీ తరహాలో తెలుపు సప్లైకి, నలుపు ట్రాక్‌కు, ఎరుపు బ్రేకుకు. వేరే క్రమంలో తీగలున్న కంట్రోలర్‌ను చూడకుండా తగిలిస్తే ఫ్యూజ్ పోతుంది, ఎలక్ట్రానిక్ కంట్రోలరైతే అదే కాలిపోవచ్చు. ఉదయం తనిఖీలో కార్లతో పాటు కంట్రోలర్లనూ మీటరుతో చూడాలి.

కరెంటు పోతే ఏమవుతుంది? అపార్ట్‌మెంట్ జనరేటర్ అందుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఈలోపు ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద గడియారం నడుస్తూనే ఉంటుంది, కార్లు మాత్రం ఆగిపోతాయి. అందుకని ట్రాక్ సప్లై, ల్యాప్‌టాప్, సెన్సర్ బోర్డు మూడూ ఒకే యూపీఎస్ మీద ఉండాలి. మామూలు 600 వీఏ యూపీఎస్ ఈ బరువును ఆ కొద్దిసేపూ మోస్తుంది. బ్యాటరీ పాతదైతే మోయదు, ముందురోజు ప్లగ్ పీకి నాలుగు కార్లూ నడుపుతూ చూడండి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రపు ఉరుముల వానలకు బెంగళూరులో కరెంటు పోవడం తెలిసిందే కదా, రేసు 4:20కి ముగించడంలో అదీ ఒక లాభం.

లెక్కింపుకు రేస్ కోఆర్డినేటర్, పీసీ ల్యాప్ కౌంటర్ వంటి సాఫ్ట్‌వేర్లు వాడొచ్చు. వీటిలో రెండు విషయాలు సరిచూడాలి. మొదటిది కనీస ల్యాప్ సమయం. మన 6 సెకన్ల ట్రాక్‌కు 4 సెకన్లు పెట్టండి. ఇది పెట్టకపోతే సెన్సర్ దగ్గర మార్షల్ చెయ్యి అడ్డొచ్చినప్పుడల్లా దొంగ ల్యాపు పడుతుంది. 5.5 దాకా పెంచితే మంచి ల్యాపులు కొన్ని మాయమవుతాయి. రెండోది ఎండ. పైన ఇన్ఫ్రారెడ్ ఎల్ఈడీ, గాడిలో ఫోటోట్రాన్సిస్టర్ (కాంతిని పసిగట్టే సెన్సర్) ఉండే ల్యాప్ లెక్కింపు వంతెనకు పడమటి కిటికీ ఎండ పెద్ద శత్రువు. సూర్యకాంతిలోనూ ఇన్ఫ్రారెడ్ ఉంటుంది, సెన్సర్ దానితో నిండిపోయి కారు నీడను గుర్తించలేదు. ఉదయం చక్కగా పనిచేసి మధ్యాహ్నం 3 తర్వాత ల్యాపులు తప్పుతున్నాయంటే కారణం ఇదే. వంతెనకు నల్ల అట్టతో గొడుగు కట్టండి, కిటికీకి పరదా వేయండి.

ల్యాపు తప్పిందని జట్టు ఫిర్యాదు చేస్తే రేసు ఆపొద్దు. స్టింట్ అయ్యాక సమయాల జాబితా చూడండి. 6.0, 6.1, 12.1, 6.0 అని ఉండి, చిట్టాలో ఆ నిమిషంలో ఆ లేన్ కారు గాడి తప్పినట్టు లేకపోతే ఒక ల్యాపు కలపండి. చిట్టా రాసే మనిషి ఎందుకో ఇక్కడ తెలుస్తుంది. ప్రతి స్టింట్ చివర నాలుగు లేన్ల అంకెలూ కాగితం మీదికి ఎక్కాలి.

స్టింట్ ముగియగానే ట్రాక్ కరెంటు ఆగుతుంది. కారు ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే, తర్వాతి లేన్‌లో అదే గీత దగ్గర మొదలవుతుంది. ఇందుకోసం ట్రాక్ అంచున 18 మీటర్లనూ మీటరుకో అంకెతో గుర్తించండి. మార్షల్ వంతుకు పోయే జట్టు కారు ఏ అంకె దగ్గర ఆగిందో చిట్టాలో రాయాలి. చివరి స్టింట్‌లో ల్యాపులు సమానమైతే గెలుపు తేల్చేది ఈ అంకెలే.

కార్ల నియమాలు

తక్కువ నియమాలు పెట్టండి, కానీ వాటిని తప్పక తనిఖీ చేయండి. అయస్కాంతం తీసేయాలి. రాగి టేపును అది ఎలాగూ పట్టదు, ఉత్త బరువు. టైర్లు అందరికీ ఒకే రకం రబ్బరు, చుట్టుకు ఒక జత, నిర్వాహకుడే పంచాలి. సిలికాన్ టైర్లను వీటితో కలపనివ్వొద్దు. రబ్బరు పొర ఉన్న ట్రాక్ మీద అవి సరిగ్గా నడవవు, ఆ పొరనూ పాడుచేస్తాయి. కారు కింద 1 మి.మీ. మందం అట్ట దూరాలి, క్రౌన్ గేరు (వెనక ఇరుసు మీది పళ్ళ చక్రం) కింద కూడా. టైరు అరిగేకొద్దీ కారు కిందికి దిగి గేరు పళ్ళు ట్రాక్‌ను గీరుతాయి. మొదటి గంటలో వినపడని ఆ గరగర మూడో గంటలో వినిపిస్తుంది.

మరమ్మతు ఏదైనా గడియారం నడుస్తుండగానే చేయాలి, మార్పిడి నాలుగు నిమిషాల్లో కారును జట్టు ముట్టుకోకూడదు. ఎక్కువగా పాడయ్యేవి బ్రెయిడ్లు, అంటే రాగి టేపు నుంచి కారుకు కరెంటు అందించే అల్లిక తీగలు. అవి నల్లబడితే కారు ఆగి ఆగి పోతుంది, పోగులు ఊడి రెండు టేపుల మీద అడ్డంగా పడితే ఫ్యూజ్ పోతుంది. పిట్ బల్ల మీద జట్టుకు బ్రెయిడ్లు 2 జతలు, ఒక గైడ్, ఒక పినియన్ (మోటారు గేరు), అలెన్ కీ, టైరు తుడవడానికి ప్యాకింగ్ టేపు, సన్నని సూదిమొన నూనె సీసా. నూనె ఇరుసు బుష్‌కు ఒక్క చుక్క. ఎక్కువైతే అది టైరు మీదికి చిమ్ముతుంది, ఆ లేన్ మొత్తం జారుడుబల్ల అవుతుంది.

నూనె మాట వచ్చింది కాబట్టి భోజనం గురించి. పులిహోర, మిర్చి బజ్జీలు తెప్పించండి, కానీ హాలు బయట వడ్డించండి. తినివచ్చిన ప్రతి ఒక్కరూ సబ్బుతో చేతులు కడిగాకే ట్రాక్ దగ్గరికి రావాలి. 2:00కి రెండో చుట్టు మొదలయ్యే ముందు ట్రాక్‌ను పొడి మైక్రోఫైబర్ గుడ్డతో, రాగి టేపును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడవండి. నీళ్ళ గుడ్డ పెట్టొద్దు, ఎండీఎఫ్ అతుకుల దగ్గర ఉబ్బుతుంది. రోడ్డు వైపు కిటికీలు రోజంతా మూసే ఉండాలి. పక్క వీధిలో ఇల్లు కడుతుంటే ఆ దుమ్ము అరగంటలో టైర్ల మీద కనిపిస్తుంది.

ట్రాక్ కాల్

మీట నొక్కి అందరి కరెంటూ, గడియారమూ ఆపే అధికారం రేస్ కంట్రోల్‌లో కూర్చున్న ఒక్కరిదే. ఆ మనిషి ఏ జట్టుకూ చెందకూడదు. కారు తప్పు లేన్‌లో ఉన్నా, చెయ్యి అందని చోట పడినా, ఊడిన భాగం ట్రాక్ మీద ఉన్నా, ఫ్యూజ్ పోయినా ఆపాలి. మామూలుగా గాడి తప్పితే ఆపకూడదు. మళ్ళీ మొదలుపెట్టే ముందు మూడు సెకన్ల బీప్ వినిపించాలి, లేకపోతే మార్షల్ చెయ్యి ఇంకా ట్రాక్ మీదే ఉంటుంది.

అభ్యాసం

వారం ముందు నలుగురితో 20 నిమిషాల స్టింట్లు రెండు నడిపి, మధ్యలో మార్పిడి నిజంగా 4 నిమిషాల్లో అవుతుందో లేదో గడియారం పెట్టి చూడండి. 6 నిమిషాలైతే, భోజనానికి అదే 40 నిమిషాలు ఉంచితే, పై పట్టికలో రేసు 4:40కి ముగుస్తుంది. అది సరిపోతుందేమో లెక్క వేయండి. తర్వాత 5 జట్లకు పట్టిక గీయండి. వరుస 1, 3, 4, 2, మార్షల్. ఇక్కడ బయట ఉండేది ఒక్క జట్టే, మార్షళ్ళు ముగ్గురే. మిగతా మూడు చోట్లకు నడుపుతున్న నాలుగు జట్లలోంచి, ఆ స్టింట్‌లో కంట్రోలర్ పట్టనివాళ్ళను ఒక్కొక్కర్ని వంతులవారీగా తీసుకోవాలి. 15 మంది పేర్లతో, ఎవరూ ఒకేసారి రెండు చోట్ల లేకుండా, ఐదు స్టింట్లకూ కాగితం మీద నింపి చూడండి. 6వ భాగంలో ఆ పట్టికతోనే మొదలుపెడదాం.