ఆవరణ వ్యవస్థలు, 4వ పాఠం: బాణం మొన ఎటు?

ఈ రోజు ఆహార జాలకం, అంటే ఒకదానితో ఒకటి అల్లుకున్న ఆహారపు గొలుసులు, మొదలుపెడదామనుకున్నాను. మీ నోట్‌బుక్కులు చూశాక వచ్చే వారానికి వాయిదా వేశాను. పోయినసారి మీ వీధిలో కనిపించే ఆహారపు గొలుసు గీయమంటే సగం మంది బాణాలు తిరగేసి గీశారు. కప్ప నుంచి మిడతకు, పిల్లి నుంచి పావురానికి! ఒకరైతే మన హైదరాబాద్ కుత్బుల్లాపూర్‌లో సింహాన్నే దింపారు. దాని సంగతి తర్వాత.

తప్పు కొంత నాదే. "ఎవరు ఎవరిని తింటారో బాణాలతో చూపించండి" అన్నాను. "కప్ప మిడతను తింటుంది" అనే వాక్యంలో కప్పే ముందొస్తుంది, మీరూ కప్ప దగ్గరే మొదలుపెట్టారు. పైగా బాణం అనగానే వేట గుర్తొస్తుంది. ఇది వేటగాడి బాణం కాదు. తిండి, దాంతోపాటు శక్తి, ఎవరి పొట్టలోకి వెళ్తుందో మొన అటు ఉండాలి. నేను బాణాన్ని 'పొట్టలోకి' అని చదువుతాను. మిడత → కప్ప: మిడత, కప్ప పొట్టలోకి. కప్ప → పాము: కప్ప, పాము పొట్టలోకి. 'తినబడును' అని చదవమనేవాళ్లూ ఉన్నారు, నాకు ఆ మాట నోరు తిరగదు.

ఉత్పత్తిదారులు (తమ తిండి తామే తయారుచేసుకునే పచ్చని మొక్కలు), వినియోగదారులు (వేరేవాటిని తిని బతికేవి) మీకు తెలిసినవే, వదిలేస్తున్నాను.

"మొన ఎటుంటే ఏముంది సార్, అర్థమైందిగా?" అని ఒకరు అడిగారు. అర్థం కాలేదనే నా బాధ. అమెరికా శాస్త్రవేత్త లిండెమన్ 1942 నాటి పరిశోధన నుంచి వచ్చిన పది శాతం లెక్క వేసి చూడండి: ఒక్కో మెట్టు దాటేసరికి శక్తిలో సుమారు పదో వంతే ముందుకు వెళ్తుంది. గడ్డిలో 1000 యూనిట్ల శక్తి ఉంటే మిడతకు సుమారు 100, కప్పకు 10, పాముకు 1. మిగతాది అరగక పోతుంది, కదలికకు ఖర్చవుతుంది, వేడిగా పోతుంది. బాణం తిరగేస్తే పామే గడ్డికి శక్తి పంచినట్టు! పాము దగ్గర ఉన్నదే ఒక్క యూనిట్, ఎక్కణ్నుంచి తెస్తుంది?

ఇప్పుడు ఇంట్లోదే ఒకటి. తొలకరి సాయంత్రం ట్యూబ్‌లైట్ చుట్టూ ఉసిళ్లు మూగుతాయి కదా. ఉసిళ్లంటే రెక్కలొచ్చిన చెదలే. ఎండు చెక్క → చెదలు → బల్లి → పిల్లి. గొలుసులో శక్తి మొదట పచ్చని మొక్క నుంచే రావాలి కదా, మరి ఇందులో ఆ మొక్క ఏది? ఆ చెక్క ఒకప్పుడు చెట్టే. అది ఎప్పుడో ఎండలో దాచుకున్న శక్తే ఇప్పుడు మీ హాల్లో బల్లి దాకా వచ్చింది. నాకు ఈ గొలుసంటే మహా ఇష్టం, పరీక్షలో మాత్రం గడ్డితో మొదలయ్యేదే రాయండి.

పావురాలది ఇంకో రకం. జొన్నలు → పావురం → పిల్లి సరైనదే. కానీ ఆ జొన్నలు మీ వీధిలో పండలేదు, ఎవరో సంచితో తెచ్చి చల్లారు. అందుకే అక్కడ అన్ని పావురాలు. సింహం సంగతీ అంతే. బహదూర్‌పురా జూలో సింహానికి మాంసం బండిలో వస్తుంది, దాన్ని మీ వీధి గొలుసులో కలపొద్దు.

అభ్యాసం: మీ దగ్గర్లో ఒక్క వేప చెట్టు ఎంచుకుని గంటసేపు కూర్చోండి. ఫోన్ వద్దు. కనీసం ఎనిమిది బాణాలు కావాలి. కళ్లారా చూసినవాటికి నిండు గీత, ఊహించినవాటికి చుక్కల గీత. చీమలకు రెండు బాణాలైనా ఉండాలి, ఒకటి వాటి పొట్టలోకి, ఒకటి వాటి నుంచి బయటికి. చీకటి పడ్డాక అమ్మనో నాన్ననో తోడు తీసుకుని అదే చెట్టు కిందికి ఇంకోసారి వెళ్లండి. రాత్రి కనిపించినవాటిని వేరే రంగుతో గీయండి.